శారద గారికి శాలువాలు చాలు, ఆమె సినిమాలు చూపించండి

తెలుగు సినిమాల నెగెటివ్‌లు (కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ము), ప్రింట్లు (దాన్నుంచి తీసిన కాపీలు), హక్కులు చేతిలో పెట్టుకున్న నిర్మాతలకు, వారి వారసులకు, టీవీ చానళ్ల యాజమాన్యాలకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల్లో సినిమా, సంస్కృతి వ్యవహారాలు చూసే అధికారులకు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను నడుపుతున్న జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) వారికి,

నమస్కారం.

మా ఊరి ఆడపడుచు, మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి, ఊర్వశి శారద గారి సినిమాలు చూసే వీలు కల్పించమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఆవిడకి ఇంకో బిరుదు ఇవ్వమనో, తెనాలిలో విగ్రహం పెట్టమనో అడగడం లేదు. ఈ మాత్రం దానికి బహిరంగ లేఖ ఎందుకంటారా? మామూలు లేఖలు రాసి చూశాం. ఒక ఆఫీసుకు రాస్తే ఇది మా పరిధి కాదు, ఫలానా ఆఫీసుకు రాయండి అన్నారు. ఆ ఫలానా ఆఫీసు నుంచి ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు. ఒక పాత నిర్మాత గారి ఇంటికి ఫోన్ చేస్తే వాళ్లబ్బాయి చాలా మర్యాదగా, "నాన్నగారు ఉన్నప్పటి సంగతులండీ, ఆ డబ్బాలు మద్రాసులో ఏ ల్యాబులో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో మాకు తెలీదు" అని చెప్పి పెట్టేశారు. ఆయన అబద్ధం చెప్పారని నేను అనుకోవడం లేదు. అసలు నా బాధే అది, నిజంగానే ఎవరికీ తెలీదు.

ముందు ఈ తరం వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఇరవై ఏళ్ల వాళ్లని శారద ఎవరు అని అడిగితే, బాగా గుర్తున్నవాళ్లు 'స్టాలిన్'లో చిరంజీవి వాళ్లమ్మ అంటారు, మిగతావాళ్లు ఫోన్ తీసి వెతుకుతారు.

1945లో తెనాలిలో పుట్టారు. అసలు పేరు సరస్వతీదేవి. చిన్నతనంలోనే మద్రాసు వెళ్లి నాట్యం నేర్చుకున్నారు. 1955లో వచ్చిన 'కన్యాశుల్కం'లో బాలనటిగా కనిపించారు, 1961లో అక్కినేని వారి 'ఇద్దరు మిత్రులు'లో వేషం దొరికింది. కానీ ఆవిడలో ఏముందో ముందుగా కనిపెట్టింది మనం కాదు, మలయాళం వాళ్లు. 1965లో 'ఇణప్రావుగళ్', 'మురప్పెణ్ణు', ఆ తర్వాత వరసపెట్టి సినిమాలు. 1968లో 'తులాభారం'. ఆకలికి తాళలేక పిల్లలకి తన చేత్తోనే విషం పెట్టి, తను మాత్రం బతికిపోయి కోర్టు బోనులో నిలబడ్డ తల్లి పాత్ర అది. దానికి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది, ఆ రోజుల్లో ఆ అవార్డును ఊర్వశి అనేవారు. నర్గిస్ తర్వాత ఆ అవార్డు అందుకున్న రెండో నటి మా తెనాలి అమ్మాయి. అదే కథను తమిళంలో, హిందీలో, తెలుగులో తీస్తే మూడింట్లోనూ ఆవిడే ఆ తల్లి. తెలుగులో అది 'మనుషులు మారాలి' (1969), వి. మధుసూదనరావు గారి దర్శకత్వం, పక్కన శోభన్ బాబు.

రెండో ఊర్వశి 1972లో, మలయాళ దర్శకుడు ఆదూర్ గోపాలకృష్ణన్ మొదటి సినిమా 'స్వయంవరం'కి. మూడోది 1978 సంవత్సరానికి, బి.ఎస్. నారాయణ గారి 'నిమజ్జనం'కి. మూడింటిలో మన భాషలో వచ్చింది ఆ ఒక్కటే. తెలుగు సినిమాకి జాతీయ ఉత్తమ నటి అవార్డు రావడం కూడా అదే మొదలు. 'దాసి'కి అర్చన, 'కర్తవ్యం'కి విజయశాంతి, 'మహానటి'కి కీర్తి సురేశ్, వీళ్లంతా తర్వాత.

ఇక మన దగ్గర 'బలిపీఠం' ఉంది, రంగనాయకమ్మ గారి నవల. కె. విశ్వనాథ్ గారు ఆవిడ పేరునే పెట్టి తీసిన 'శారద' ఉంది. ఎనభైల్లో ఎన్టీఆర్ పక్కన 'సర్దార్ పాపారాయుడు', 'జస్టిస్ చౌదరి', ఆ తర్వాత 'అనసూయమ్మ గారి అల్లుడు', దాసరి గారి 'అమ్మ రాజీనామా'. 1996లో తెనాలి నుంచే లోక్‌సభకు గెలిచారు కూడా. రాజకీయం గురించి ఇక్కడ నాకు పెద్దగా చెప్పాల్సింది లేదు.

ఇంత పని చేసిన మనిషికి మనం చేస్తున్నదేమిటంటే, ఏడాదికోసారి ఏదో ఒక సభ పెట్టి, వేదిక మీదకి పిలిచి, శాలువా కప్పి, "మహానటి" అని, ఫోటో తీసుకుని పంపించడం. ఆ మహానటనేదో సభలో కూర్చున్నవాళ్లు చూసి ఎన్నేళ్లయిందో ఎవరూ అడగరు.

దీనివల్ల మామూలు జనానికి వచ్చిన నష్టం ఏంటి, పాత సినిమాలు పోతే పోయాయి అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకి ఈ కింద చెప్తున్నాను.

1. దొరికేది చూడలేం. మా ఊళ్లో సినిమా పిచ్చి ఉన్న కొంతమందిమి, కాలేజీ పిల్లలతో కలిసి ఒక హాల్లో ప్రొజెక్టర్ పెట్టి పాత సినిమాలు వేసుకుంటాం. శారద గారి సినిమా ఒకటి వేద్దామనుకుంటే దొరికింది ఎవరో టీవీలోంచి రికార్డు చేసి పెట్టిన కాపీ. కుడిపక్క పైన చానల్ గుర్తు, సరిగ్గా ఆవిడ నుదుటి మీద. కింద ఏదో నగల కొట్టు ప్రకటన పాకుతోంది. పాత సినిమా తెర దాదాపు చదరంగా ఉంటుంది కదా, దాన్ని ఇప్పటి వెడల్పాటి టీవీకి సరిపెట్టడానికి పైనా కిందా కోసేశారు, దాంతో నిలబడ్డవాళ్లందరికీ తలకాయలు సగం తెగిపోయాయి. ఏడుస్తూ ఆవిడ తల దించుకునే క్లోజప్పు వస్తుంది, కళ్లు ఫ్రేములో లేవు. గడ్డం మాత్రం వణుకుతోంది. వెనక వరసలో ఒక అమ్మాయి "ఈవిడకా మూడు అవార్డులు?" అంది. ఆ పిల్లని ఏమంటాం, ఆ అమ్మాయి చూసినదాన్ని బట్టి అది న్యాయమైన ప్రశ్నే.

2. తెలుగువాళ్లకి తెలిసింది సగం శారదే. మన జనానికి ఆవిడంటే రెండే గుర్తులు: అరవై, డెబ్బైల్లో ఏడిపించే ఇల్లాలు, ఎనభైల్లో గొంతు పెంచి మాట్లాడే అమ్మ. ఇది వినడానికి చిన్నచూపులా ఉందేమో గానీ, చూపించిందే అది. 'సర్దార్ పాపారాయుడు' వచ్చింది 1980లో, 'జస్టిస్ చౌదరి' 1982లో. సరిగ్గా ఆ రెండింటి మధ్య, 1981లో, ఇదే నటి ఆదూర్ గారి 'ఎలిపత్తాయం' చేశారు. అందులో రాజమ్మ అనే పెళ్లికాని చెల్లెలు. పెరట్లోకి ఆవు వస్తే దాన్ని తోలడానికి కూడా చెల్లెల్ని కేకేసే అన్న ఉంటాడు, వచ్చిన సంబంధం కూడా వాడే చెడగొడతాడు, రాజమ్మ పల్లెత్తు మాట అనదు. అనదు అంటే ఏదో త్యాగమూర్తిలా నిలబడదు, పని చేసుకుంటూ ఉంటుంది, అంతే. నడుములో అలసట, కడుపులో నొప్పిని దాచుకోవడం, అన్న పిలవగానే చేతిలో పని వదిలి వచ్చే ఆ నడక, అన్నీ డైలాగు లేకుండానే. ఆ సినిమాకి లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సదర్లాండ్ ట్రోఫీ వచ్చింది. ఒకే మనిషి ఒకే కాలంలో ఈ రెండు రకాల నటనా ఎలా చేసింది? నటన నేర్చుకునే ఏ పిల్లకైనా ఇంతకంటే మంచి పాఠం లేదు. కానీ అందులో ఒక సగం తెలుగు సబ్‌టైటిళ్లు లేని మలయాళంలో, రెండో సగం చానల్ గుర్తు కింద ఉండిపోయాయి.

3. పాతతరం వాళ్లకి చూపించే దారి లేదు. ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రం అని వేసేవారు, అన్నం తిని చాప పరుచుకుని, భాష రాకపోయినా కింద ఇంగ్లిష్ అక్షరాలు చదువుకుంటూ చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కేబుల్ లేదు, ఓటీటీ లేదు, ఒక్క చానల్, అయినా అవార్డు సినిమా ఇంటికొచ్చేది. ఇప్పుడు నెలనెలా నాలుగు ఓటీటీలకు డబ్బు కడుతున్నాం, 'నిమజ్జనం' చూపించండిరా అని మా పెద్దమ్మ అడిగితే మంచి కాపీ ఒక్కటి తెచ్చి చూపించలేకపోయాం. అస్థికలు కలపడానికి బయల్దేరిన దంపతులు, దారిలో ఆ ఇల్లాలి మీద జరిగే అఘాయిత్యం, ఆ తర్వాత ఆవిడ మౌనం, ఇదీ మా పెద్దమ్మ చెప్పిన కథ. కథ విన్నాం, సినిమా చూడలేదు.

4. ఫిల్ము ఎదురుచూడదు. ఇది అధికారులు కాస్త శ్రద్ధగా చదవాలని మనవి. ఆ రోజుల్లో సినిమాలు తీసిన ఎసిటేట్ ఫిల్ము వేడికీ, చెమ్మకీ లోపల్లోపలే పాడవుతుంది. డబ్బా మూత తీస్తే వినిగర్ వాసన వస్తుంది, ఫిల్ము ముడుచుకుపోయి, వంకర్లు తిరిగి, డిజిటల్ కాపీ తీసే స్కానర్ మీదకి కూడా ఎక్కదు. ఒక డబ్బాలో మొదలైతే పక్క డబ్బాలకీ పాకుతుంది. కలర్ ప్రింట్లయితే మిగతా రంగులు వెలిసిపోయి సినిమా అంతా గులాబీ రంగుకి తిరిగిపోతుంది. చల్లగా, పొడిగా ఉండే గదిలో పెడితే దీన్ని నెమ్మది చేయొచ్చు, ఆపలేం. మద్రాసు ఎండ, సముద్రపు గాలి ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. మన తెలుగు సినిమాల్లో ఎక్కువ భాగం అక్కడే తీసి అక్కడి ల్యాబుల్లోనే కడిగారు, పరిశ్రమ హైదరాబాద్ వచ్చేసింది, సినిమా డిజిటల్ అయ్యాక ల్యాబులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి, డబ్బాల సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ.

5. హక్కుల లెక్క కూడా చూసుకోండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 'ఇద్దరు మిత్రులు' గడువు 2021 చివరితో తీరిపోయింది. 'మనుషులు మారాలి'కి 2029 చివరి దాకా, 'బలిపీఠం'కి 2035 చివరి దాకా ఉంది. హక్కు తీరిన రోజున సినిమా ప్రజలందరిదీ అవుతుంది, బాగానే ఉంది, ఆ రోజుకి చేతికి అందేది ఏమిటి? వినిగర్ వాసన కొట్టే డబ్బానా? హక్కు ఉన్నన్నాళ్లూ మీరు వేయక, ఇంకొకళ్లని వేయనివ్వక, చివరికి పాడైపోయాక వదిలేస్తే దాన్ని ఆస్తి కాపాడుకోవడం అంటారా? నిర్మాతల పిల్లల్ని తిట్టాలని కాదు ఈ మాట. వాళ్లలో చాలామందికి స్కానింగ్ ఖర్చు పెట్టే స్తోమత లేదు, పెట్టినా తిరిగొస్తుందన్న నమ్మకమూ లేదు. అందుకే ప్రభుత్వాన్ని కూడా ఈ ఉత్తరంలోకి లాగాను.

డబ్బు లేదనే మాట కేంద్రం వైపు నుంచి వస్తే మాత్రం ఒప్పుకోం. జాతీయ ఫిల్మ్ హెరిటేజ్ మిషన్ కింద 2022లో 363 కోట్ల రూపాయలతో సుమారు 2,200 సినిమాల్ని రీస్టోర్ చేస్తామని, అంటే పాడైన పాత ఫిల్మును బాగుచేస్తామని ప్రకటించింది మీరే. మంచి పని, చప్పట్లు కొట్టాం. ఆ జాబితాలో తెలుగువి ఎన్ని, అందులో శారద గారివి ఏవి, పని ఎంతదాకా వచ్చింది? ఇది మేం అడిగిన మొదటి ప్రశ్న, దీనికే జవాబు రాలేదు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. వినతులు అనే రాద్దామనుకున్నాను, వినతుల వంతు అయిపోయింది.

1. ముందు లెక్క తేల్చండి. శారద గారు నటించిన తెలుగు సినిమాల్లో దేని నెగెటివ్ ఎక్కడుంది, దేనికి ప్రింటు మాత్రమే మిగిలింది, దేనికి ఏదీ లేదు, ఒక జాబితా చేసి అందరికీ కనిపించేలా పెట్టండి. "పోయింది" అని రాయాల్సి వస్తే అలాగే రాయండి. అది కూడా తెలియాలి కదా. ఫిల్మ్ చాంబర్ పెద్దలు పూనుకుని నిర్మాతల కుటుంబాలకు తలా ఒక ఫోన్ చేస్తే సగం పని అయిపోతుంది.

2. 'నిమజ్జనం' మొదట. జాతీయ అవార్డు పొందిన సినిమా, పుణె ఆర్కైవ్‌లో ప్రింటు ఉంటే దాని పరిస్థితి చెప్పండి, స్కాన్ చేయండి, రీస్టోర్ చేయండి. ఆ తర్వాత 'మనుషులు మారాలి'.

3. టీవీ చానళ్ల వారికి. పాత సినిమాల శాటిలైట్ హక్కులు మూటగట్టి కొనుక్కున్నారు, ఆ మూటలో ఏమేం ఉన్నాయో మీకైనా గుర్తుందో లేదో. తెల్లవారుజామున ఖాళీ నింపడానికి వేసేటప్పుడైనా ఫ్రేము కోయకుండా వేయండి. పక్కల నల్లగా ఉంటే ఉండనీండి, మేమేం అనుకోం. పేర్లు పడే టైటిల్స్ కోయకండి, కెమెరా ఎవరు, మాటలు ఎవరు అన్నది అక్కడే తెలుస్తుంది. చానల్ గుర్తు మొహాల మీదకి రాకుండా చూసుకోండి, ఇది ఖర్చు లేని పని.

4. దూరదర్శన్ వారికి. సప్తగిరి, యాదగిరి రెండు చానళ్లున్నాయి. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ ఒక గంటన్నర, రెండు గంటలు ఇవ్వండి. 'తులాభారం', 'స్వయంవరం', 'ఎలిపత్తాయం', భరతన్ తీసిన 'ఒరు మిన్నామినుంగిన్టె నురుంగువెట్టం' తెలుగు సబ్‌టైటిళ్లతో వేయండి. డబ్బింగ్ మాత్రం వద్దు. ఆ చివరి సినిమాలో ఆవిడ పాత్ర పేరు సరస్వతి టీచర్, పుట్టినప్పుడు పెట్టిన పేరుతో ఆవిడని చూడాలని తెనాలి వాళ్లకి ఉండదా చెప్పండి. సబ్‌టైటిళ్లు తెలుగు సినిమాలకు కూడా వేస్తే చెవులు వినపడని పెద్దవాళ్లు, బయట పుట్టి పెరిగిన మన పిల్లలు కూడా చూస్తారు.

5. ఆవిడ మాట రికార్డు చేయండి. ఎనభై దాటిన మనిషి. ఇప్పుడు దొరుకుతున్న ఇంటర్వ్యూల్లో అడిగేవి ఎన్టీఆర్ గారితో అనుభవం ఎలా ఉండేది, శోభన్ బాబు గారు ఎలా ఉండేవారు, ఇవే. 'తులాభారం' తల్లిని నాలుగు భాషల్లో చేసేటప్పుడు ఒకదానికీ ఇంకోదానికీ ఏం మార్చారు, మలయాళంలో చాలా సినిమాల్లో మీకు గొంతు ఇచ్చిన టి.ఆర్. ఓమన గారిని దృష్టిలో పెట్టుకుని నటించేవారా, ఆదూర్ గారు సెట్లో ఎంతవరకు చెప్పేవారు, ఎంత మీకు వదిలేసేవారు, ఇవి అడగాలి. ఆవిడ సినిమాలు చూసినవాళ్లని పంపించండి, యాంకర్లని వద్దు. ఆవిడకి ఓపిక, ఇష్టం ఉంటేనే, ఆవిడకి వీలైన టైములో, ఆవిడ ఇంట్లోనే. మళ్లీ ఊరేగింపులు పెట్టి అలసట తెప్పించకండి.

6. హక్కుదారులకు. కాలేజీల్లో, లైబ్రరీల్లో, మాలాంటి చిన్న గుంపులు టికెట్ లేకుండా వేసుకునేందుకు నామమాత్రపు రుసుముతో అనుమతి ఇచ్చే పద్ధతి ఒకటి పెట్టండి. ఎవరిని అడగాలో తెలిస్తే డబ్బు కట్టి అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. దొంగ కాపీ చూడటం మాకూ సరదా కాదు.

7. రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు. ఆవిడ మాదంటే మాదని పంచుకునే గొడవ ఇందులో పెట్టకండి. పుట్టింది తెనాలి, నేర్చుకుని పనిచేసింది మద్రాసులో, పేరు తెచ్చింది కేరళ, పరిశ్రమ ఇప్పుడు ఉంది హైదరాబాద్‌లో. ఖర్చు చెరిసగం వేసుకున్నా ఒక పెద్ద సినిమా ఆడియో ఫంక్షన్ ఖర్చుకు మించకపోవచ్చని నా అనుమానం.

ఒక్క శారద గారి కోసమేనా ఇదంతా, మిగతావాళ్ల మాటేమిటి అని కొందరు మిత్రులు అడిగారు. నిజమే. గుమ్మడి గారిది తెనాలి పక్కన రావికంపాడు, జగ్గయ్య గారిది మోరంపూడి, కృష్ణ గారిది బుర్రిపాలెం, ఈ చుట్టుపక్కల ఊళ్లు ఇచ్చినంత మందిని సినిమాకి ఎవరిచ్చారో చెప్పండి చూద్దాం. అందరివీ అడగాలి. కానీ అందరివీ కలిపి అడిగితే ఏమవుతుందో మనకి తెలుసు, కమిటీ వేస్తారు. అందుకే ఒక్క పేరు, ఒక్క జాబితా, ముందు ఒక్క సినిమా. అది జరిగితే మిగతావాటికి దారి తెలుస్తుంది.

ఈ లేఖ అందిన ప్రభుత్వ సంస్థలకు ఒక విషయం ముందే చెప్తున్నాం. పై డిమాండ్లలో మొదటి రెండింటి మీద సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు కూడా సిద్ధం చేశాం, దానికి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలన్నది మీకు తెలిసిందే. వచ్చిన జవాబు వచ్చినట్టు అందరికీ చదివి వినిపిస్తాం. ప్రైవేటు హక్కుదారులకు అలాంటి గడువు మేం పెట్టలేం, కానీ మీ ఇంట్లో, గోడౌన్‌లో, అటక మీద పాత ఫిల్ము డబ్బాలుంటే దయచేసి పాత సామాన్ల వాడికి వేయకండి, మూత తీసి వాసన చూసి, పైన రాసిన పేరు ఫోటో తీసి మీ దగ్గర్లోని ఫిల్మ్ సొసైటీకైనా, పుణె ఆర్కైవ్‌కైనా పంపండి. సినిమా పేరు కనపడకపోయినా సరే, పంపండి.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక ప్రేక్షకురాలు, ఆదివారాలు కలిసి సినిమా చూసే మిత్రుల తరఫున